కుర్చీల బ్లాగు కనబడకుండా పోయిన నలభై రోజులు

ఈజిప్టులోని దిమ్యాత్‌లో మా వడ్రంగుల సందు మొదట్లోనే హాజీ బయూమి టీకొట్టు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక రంపాలు పక్కన పెట్టి అందరం అక్కడికే చేరతాం. మేము ఉస్తా అని పిలిచే మేస్త్రీ మిత్వల్లీ వచ్చాడంటే డొమినో ఆట ఆగిపోయినట్టే. ఆయన ఆడడు, ఆడేవాళ్ళని ఆడనివ్వడు. ఆ రోజు జకీ అని, సోఫాలు కుట్టే కుర్రాడు, మా సందుకి వచ్చి నెల కూడా కాలేదు పాపం, తెలియక అడిగేశాడు.

"ఉస్తా, పోయిన చలికాలం నీ బ్లాగు ఎవరికీ కనబడకుండా పోయిందటగా? మళ్ళీ ఎలా తెచ్చావ్?"

హాజీ బయూమి నుదురు కొట్టుకుని ఇంకో కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. మిత్వల్లీ బల్ల ముందుకి లాక్కున్నాడు.

"చూడు నాయనా, నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. నాకు వచ్చిన పనులు మూడే. చిత్రిక పట్టడం, రాయడం, మాట్లాడటం. మొదటి రెండూ అంతంతమాత్రం, అది నేనే ఒప్పుకుంటా. పాత కుర్చీలు బాగుచేయడం గురించి ఓ బ్లాగు రాసుకునేవాణ్ణి. కాలు ఊగితే ఏం చేయాలి, వీపు పగిలితే ఏం చేయాలి, అత్తగారు కూర్చుని విరగ్గొడితే ఆవిడకి తెలియకుండా ఎలా అతికించాలి, అన్నీ. ప్రతిదాని కిందా మన సందులోవాళ్ళ ఫోన్ నంబర్లు. తంతాలోనో కైరోలోనో ఒకావిడ 'విరిగిన కుర్చీ' అని వెతుకుతుంది, మొట్టమొదట నా బ్లాగే తగులుతుంది, అది చదువుతుంది, చదివి, ఈ ముసలాడు చెప్పింది మనవల్ల అయ్యే పని కాదనుకుని, కింద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తుంది. అలా రోజుకి ఎంతమంది వచ్చేవాళ్ళో తెలుసా? ఆరువేలు."

"పోయినసారి నాలుగువేలన్నావు" అన్నాడు హాజీ బయూమి.

"పోయినసారి నీ టీ పలచగా ఉంది, గొంతు లేవలేదు. సరే, ఒకరోజు పొద్దున లేచి లెక్క చూసుకున్నాను. మనిషికి గుండె పరీక్ష చేసినట్టు గీత గీసి చూపిస్తారు కదా, ఆ గీత నిన్నటిదాకా మసీదు మినార్ ఎత్తున ఉన్నది కాస్తా, నిచ్చెన జారిన సున్నం మేస్త్రీలాగా నేల మీద పడి ఉంది. మర్నాడు చూశా, లేవలేదు. వారం చూశా. అప్పుడు నా బ్లాగు కోసం నేనే వెతికాను. మొదటి పేజీలో లేను. రెండో పేజీలో లేను. మామూలు మనిషైతే అక్కడితో ఏడ్చి ఊరుకుంటాడు. నేను ఊరుకున్నానా?"

"ఊరుకుని ఉండాల్సింది" అన్నాన్నేను. నాది పాలిష్ పని, ఆయన పక్క కొట్టే.

"మూడో పేజీకి వెళ్ళాను, పదో పేజీకి వెళ్ళాను. నొక్కీ నొక్కీ రెండు మౌసులు అరిగిపోయాయి, మూడోది పొగలు కక్కింది, ఈ వేలు చూడు, ఇది ఇంతకుముందు పక్క వేలు కంటే పొడుగుండేది. నాలుగు వందల పదిహేడో పేజీకి చేరాను. జకీ, అక్కడికి ప్రాణమున్నవాడెవడూ ఇంతవరకు వెళ్ళలేదు. అంతా దుమ్ము. ఫ్యాక్సు మిషన్లు అమ్మేవాడొకడు అక్కడ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కౌగిలించుకుని ఏడ్చాడు. ఇరవై ఏళ్ళలో నువ్వే మొదటి గిరాకీవి అన్నాడు. కొనేదాకా వదల్లేదు."

"కొన్నావా?"

"మొహమాటానికి ఒకటి కొన్నా. ఎక్కడుందని అడక్కు, మా ఆవిడ దాని మీద జున్ను ఆరబెడుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వెతికిపెట్టే కంపెనీకి ఉత్తరం రాశాను. ఎలాంటి ఉత్తరం! సగం చదివేసరికి వాళ్ళ పెద్ద ఇంజనీరు కుర్చీలోంచి కింద పడ్డాడు. కుర్చీ కాలు పుటుక్కుమంది. వాళ్ళేం చేశారు? విరిగిన కుర్చీ కాలు ఎలా బాగుచేయాలా అని వాళ్ళ యంత్రంలోనే వెతికారు. జవాబు దొరకలేదు! ఎలా దొరుకుతుంది? జవాబున్నది నా బ్లాగులో, నా బ్లాగుని పోగొట్టింది వాళ్ళే! ఆ పెద్దాయన ఇప్పటికీ నిలబడే పనిచేస్తున్నాడు."

జకీ నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టేశాడు. ఎదురుగా తన గుమ్మం ముందు పేము కుర్చీ ఒళ్ళో పెట్టుకుని అల్లుతున్న ఇన్సాఫ్ అక్క మాత్రం తలెత్తలేదు. మిత్వల్లీ ఒకసారి అటు చూసి, చూపు తిప్పుకుని, గొంతు కాస్త తగ్గించాడు.

"నవ్వు, నవ్వు. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఫోన్లు ఆగిపోయాయి. ఇన్సాఫ్‌కి నా బ్లాగు వల్ల వారానికి పది కుర్చీలు వచ్చేవి, ఒక్కటి కూడా రాలేదు. నానబెట్టిన పేము నానబెట్టినట్టే ఉండి బూజుపట్టింది. నేను ఇంటికెళ్ళాలంటే ఆవిడ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. ఆవిడ ఏమీ అనదు, 'ఇవాళ కనబడిందా మిత్వల్లీ?' అని అడుగుతుంది, అంతే. ఆ మాట వినలేక చేపల బజారు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. రోజూ వట్టి చేతులతో చేపల కంపుతో ఇంటికొస్తుంటే మా ఆవిడ నా మీద అనుమానపడింది."

"ఎవర్ని చూసి?" అన్నాడు హాజీ బయూమి.

"బొచ్చెచేపని చూసి. మధ్యలో ఆపకు. ఆ తర్వాత, నలభయ్యో రోజున, ఏమైందో తెలుసా? వాళ్ళు సాలీణ్ణి పంపారు."

"సాలీడేంటి?"

"నీకు తెలీదూ? ఆ కంపెనీవాళ్ళకి ఒక సాలీడు ఉంటుందయ్యా. లోకంలో ఉన్న రాతలన్నీ ఒకదాని మీంచి ఒకటి పాకుతూ చదివి, ఏది ఎక్కడుందో వెళ్ళి వాళ్ళకి చెబుతుంది. అది యంత్రమనీ, కంటికి కనబడదనీ అంటారు. అనేవాళ్ళకేం తెలుసు. రాస్ ఎల్ బర్ దగ్గర సముద్రంలోంచి తేలింది, నది వెంబడే ఈదుకుంటూ మన వంతెన దాకా వచ్చింది, వంతెన కింద పట్టక వంతెన మీంచి దాటింది. ఒక్కో కాలు టెలిఫోన్ స్తంభమంత. ఈ సందులోకి నాలుగు కాళ్ళే పట్టాయి, మిగతా నాలుగూ పక్క సందులో పెట్టుకుని కూర్చుంది."

"నేను కొట్టు తెరిచే ఉన్నాను కదయ్యా, నాకెందుకు కనబడలేదు?"

"నీ కళ్ళజోడు ఆ రోజు రిపేరుకిచ్చావు హాజీ. నేను భయపడలేదు. అబద్ధమెందుకు, భయపడ్డాను, బల్ల కింద దూరాను, కానీ బల్ల కిందనుంచే గట్టిగా మాట్లాడాను. 'ఏమమ్మా, ఇంత దూరం వచ్చావు, టీ తాగు' అన్నాను. ఎనిమిది గ్లాసులు తాగింది, కాలికొకటి. ఒక పళ్ళెం మషబ్బక్, మన పాకం మిఠాయి, తినిపించాను. ఆ పాకంలో కాళ్ళు అతుక్కుపోయి కాసేపు కదల్లేకపోయింది, సాలెపురుగు అంటుకుపోవడం దాని వంశంలోనే మొదటిసారట. అప్పుడు అడిగాను, 'నా బ్లాగుని ఎందుకు దాచావు?' అని. ఏమందో తెలుసా?"

జకీ బల్ల మీదికి వంగాడు.

"కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎనిమిది కళ్ళలోనూ! 'ఉస్తా, నా పని చదివి ముందుకి పోవడం. ఊగే కాలు గురించి నువ్వు రాసింది చదివాక నాకు ముందుకి పోబుద్ధి కాలేదు. మళ్ళీ మొదట్నుంచి చదివాను. మళ్ళీ చదివాను. మూడు రోజులు అక్కడే కూర్చుండిపోయాను. ఈలోపు లోకంలో వెతుకులాట మొత్తం ఆగిపోయింది. విమానాలకి దారి దొరకలేదు, వైద్యులకి మందుల పేర్లు దొరకలేదు. అందుకని మా వాళ్ళు జనం క్షేమం కోసం నీ బ్లాగు నా కంట పడకుండా దాచేశారు' అంది. విన్నారా? బాగా రాయకపోవడం వల్ల కాదు, మరీ బాగా రాసినందువల్ల! మనిషికి ఇంతకంటే కష్టం ఉంటుందా?"

"ఉండదు" అన్నాన్నేను. ఏం చేస్తాం, ఏదో ఒకటి అనాలి కదా.

"అప్పుడు దానికి నచ్చజెప్పాను. 'అమ్మా, రోజుకి ఒక్క పేరా చదువు, లేచి నీ పని చూసుకో, మర్నాడు మళ్ళీ రా' అన్నాను. నా చేతి మీద ఒట్టు వేసింది. ఎనిమిది కాళ్ళూ ఒకేసారి వేస్తే చెయ్యి వాచింది, అది వేరే సంగతి. మర్నాడు పొద్దున లెక్క చూస్తే గీత లేచింది. మినార్ దాటింది, మబ్బులు దాటింది, తెర పైనుంచి బయటికి పోతుంటే నేనే పట్టుకుని లోపలికి లాగాను. ఆ ఒక్కరోజు నా బ్లాగు చదివినవాళ్ళు తొమ్మిది వందల కోట్ల మంది!"

"ఉస్తా, లోకంలో అంత జనం లేరు కదా?" అన్నాడు జకీ.

"లేరు. మిగతావాళ్ళు ఇంకా పుట్టాల్సినవాళ్ళు. పుట్టాక ఇంట్లో కుర్చీలు ఎలా ఉంటాయో ఏమోనని ముందే చదివి పెట్టుకుంటున్నారు."

కొట్టంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఇన్సాఫ్ అక్క పేము చివర పళ్ళతో కొరికి తెంపి, కుర్చీ పక్కన పెట్టి లేచి వచ్చింది. మిత్వల్లీ ఈడుదే, ఈ సందులోనే పుట్టి పెరిగింది. ఆయనని పేరు పెట్టి పిలిచేది ఆవిడొక్కతే.

"అయిపోయిందా మిత్వల్లీ? ఇక నేను చెప్పనా?"

"నువ్వు పని చూసుకో ఇన్సాఫ్, టీ పంపిస్తా."

"టీ తర్వాత. జకీ, ఇలా చూడు నాయనా. వెనక సందులో షుక్రీ అని ఇంకో వడ్రంగి ఉన్నాడు. ఈయన రాసినవన్నీ చూసి తన పేరుతో రాసుకుంటున్నాడని ఈయనకి ఒళ్ళు మండింది. వాడి కంట పడకూడదని ఆ బ్లాగు లోపల మీటలూ గడులూ ఉండే చోటికి పోయి, కళ్ళజోడు లేకుండా, ఏదో గడిలో టిక్కు పెట్టాడు. అక్కడ ఏం రాసుందో తెలుసా? 'వెతికే యంత్రాలకు ఈ బ్లాగు చూపించవద్దు' అని. వారంలో ఎవరికీ కనబడకుండా పోయింది. సాలీడు రాలేదు, తేలూ రాలేదు. నలభయ్యో రోజున నేను వెళ్ళి పక్కన కూర్చుని, ఇదేంటి, ఇదేంటి అని ఒక్కొక్కటే చదివిస్తే, ఆ టిక్కు బయటపడింది. నేనే తీశాను. పది రోజులకి ఫోన్లు మొదలయ్యాయి. రోజుకి వచ్చేది రెండు వందల మంది, అదీ పండగ ముందు."

మిత్వల్లీ మీసం సర్దుకున్నాడు. "రెండు వందల ముప్ఫై" అన్నాడు నెమ్మదిగా.

"పోనీ, షుక్రీ బెడదైనా వదిలిందా?" అన్నాడు జకీ.

"ఎక్కడ వదిలింది!" అంది ఇన్సాఫ్ అక్క. "వాడికి వెతకాల్సిన పనేముంది? బ్లాగు అడ్రసు వాడికి నోటికొచ్చు. ఊరంతా మర్చిపోయినా ఆ నలభై రోజులూ తప్పకుండా వచ్చింది వాడొక్కడే. నన్ను కదిలించింది కూడా వాడే. మా గుమ్మం దగ్గరికొచ్చి, 'నిన్న మా తమ్ముడు వెతికితే మీవాడి బ్లాగు దొరకలేదట, పదిహేను రోజులుగా కొత్తగా ఏమీ రాయడం లేదు కూడా, ఒంట్లో బాగానే ఉందా?' అని అడిగాడు. బ్లాగు ఉన్నచోటే ఉంది, వెతికితేనే దొరకడం లేదని అది విన్నాకే తెలిసి, నేను వచ్చి నీ పక్కన కూర్చున్నాను మిత్వల్లీ. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నీ కోతలు వినలేక ఒట్టు తీసి గట్టున పెట్టాను."

హాజీ బయూమి గ్లాసు తుడుస్తూ ఆగిపోయాడు. మిత్వల్లీ తన చేతులకేసి చూసుకున్నాడు.

"రోజూ వచ్చేవాడా?" అన్నాడు.

"రోజూ."

"వచ్చి, ఎంతసేపు చదివేవాడట?"

"పావుగంట, అన్నాడు."

మిత్వల్లీ బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి లేచి నిలబడ్డాడు.

"చూశారా? నేను రాసింది మొత్తం చదవాలంటే అరగంట పడుతుంది. చివరికి ఆ కాపీ కొట్టేవాడు కూడా సగంలో వదిలేసి పోయేవాడన్నమాట!"