అప్‌డేట్ మెడలు వంచిన గుమాస్తా

"నాలుగొందల హాల్‌టికెట్లు, ఒక్కటి తగ్గకుండా పంచేశానయ్యా ఇవాళ!" అన్నాడు స్కూలు గుమాస్తా, టీకొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుంటూ. "రేపు తొమ్మిదింటికి పరీక్ష. పొద్దున్న చూస్తే ఆఫీసులో ఒక్క కాగితం ప్రింటయితే ఒట్టు! నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసిన కంప్యూటరు, నేను తాళం తీసేసరికి తనంతట తనే అప్‌డేట్ మొదలెట్టుకుంది. తెరంతా నీలం, మధ్యలో ఇరవయ్యేడు శాతం, కింద 'దయచేసి ఆపకండి' అని. గంట గడిచినా ఇరవయ్యేడే. హెడ్‌మాస్టరు గారు తల పట్టుకున్నారు. నేను కుర్చీ లాక్కుని, ఎదురుగా కూర్చుని, కళ్ళెర్రజేసి చూశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ముప్పై అయిందా?" అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"పన్నెండుకి దిగింది! హడలిపోయి వెనక్కి నడిచిందయ్యా. వదుల్తానా? ఎంటర్ మీద ఒక్కటిచ్చా, ఎగిరి తొంభై తొమ్మిదిలో పడింది. అక్కడ మొండికేసింది. ఇలా కాదని ఏకంగా కంపెనీకే ఫోన్ కొట్టా. ఎత్తిందెవరనుకున్నారు? సాక్షాత్తూ యజమాని! 'అయ్యా, మేం చేసిన అప్‌డేట్ మాకే లొంగట్లేదు' అని భోరుమన్నాడు. 'ఏడవకు నాయనా, కలం తీసుకో' అని నేను చెప్తుంటే ఆయన రాసుకున్నాడు. మూడో ముక్క చెప్పేసరికి ప్రపంచంలో మూలబడ్డ కంప్యూటర్లన్నీ లేచి కూర్చున్నాయి. గాల్లో ఆగిపోయిన విమానాలు కూడా కదిలాయి!"

"గాల్లో ఆగితే పడిపోవా?" అన్నాడు పక్క సెలూనాయన.

"పడటానికైనా అప్‌డేట్ పూర్తవ్వాలి కదయ్యా!"

అందరూ ఘొల్లుమన్నారు, టైలరు తప్ప. ఆయన గుమాస్తాకి సొంత బావ, అక్క భర్త. వచ్చిన దగ్గర్నుంచీ చేతిలో ఒక కవరు పట్టుకుని గోడకి ఆనుకునే ఉన్నాడు.

"ఏంటి బావా, నమ్మకం లేదా? ఇంకా ప్రింటరు సంగతి చెప్పనేలేదు! అప్‌డేటయ్యాక అది నేనెవరో తెలీనట్టు మొహం పెట్టింది. 'తెలీదూ? అయితే చూడు' అని హాల్‌టికెట్లో నా ఫోటోనే పెట్టి, సరిగ్గా వస్తుందో లేదోనని ఒక కాగితం తీశా. అద్దంలో చూసుకున్నట్టొచ్చింది! ఇక ఒకటే నొక్కుడు, నాలుగొందలూ ఒక్క ఊపిరిలో! ఆ వేడికి హెడ్‌మాస్టరు గారి చొక్కా ఒంటిమీదే ఇస్త్రీ అయిపోయింది. చూసుకునే పని కూడా లేకుండా పొగలు కక్కుతుండగానే కవర్లలో పెట్టి అంటించేశా. ఒక్కటంటే ఒక్కదాంట్లో తప్పుంటే ఈ మీసం తీయించేస్తా!"

టైలరు కవర్లోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"పేరు మా అమ్మాయిదే. నంబరూ దానిదే. రేపు గేటు దగ్గరే ఆపేస్తారని ఇంట్లో ఒకటే ఏడుపు. మేనమామ పోలిక అంటే విన్నాను గానీ బామ్మర్దీ, మీసాలతో సహా వస్తుందా?"

టీకొట్టాయన చెయ్యి తుడుచుకుని వంగి చూశాడు. "అమ్మో! అయితే మిగతా పిల్లలందరికీ కూడా ఈయనే మేనమామా?"

గుమాస్తా టీ అక్కడే వదిలేసి, జేబులో స్కూలు తాళాలు తడుముకుంటూ లేచాడు. "పద బావా, పద! ఎన్ని గంటలైనా సరే, నా మేనకోడలు రేపు పరీక్ష రాస్తుంది. ఆ కంప్యూటరు అంతు చూస్తా!"

"చూద్దురు గానీ, దారిలోనేగా నా కొట్టు," అన్నాడు సెలూనాయన కూడా లేస్తూ. "కుర్చీ ఖాళీగానే ఉంది. రెండు నిమిషాల పని."