గోళీ కదలని వంటింటి నేల

ఇంగ్లండులోని టాడ్‌మార్డెన్ మార్కెట్లో టీ కొట్టు నడిపే డాట్, కౌంటరు వెనక నేలమీద పరిచిన వినైల్ షీటు చిరుగు కాలికి తట్టుకుని వేడి టీతో సహా పడబోయి నిలదొక్కుకుంది.

"ఈ నేల మార్పించాలి. మంచి పనివాడు ఎవరైనా ఉన్నాడా?" అంది.

అంతే. బేకన్ రొట్టె తింటున్న లెన్ గ్రీన్‌హాల్ మూతి తుడుచుకున్నాడు. నేలలు పరవడమే అతని వృత్తి. ఈస్టరు నుంచీ చేతికి పని లేదు, నోటికి మాత్రం తీరిక లేదు.

"పరవడం ఎవడైనా పరుస్తాడు డాట్, కింద ఏముందో చూసేవాడే పనివాడు. పోయిన ఫిబ్రవరిలో కొండ మీద ఓ వంటిల్లు చేశా. కింద చెక్కపొట్టు అదిమి చేసిన చిప్‌బోర్డు, టీలో ముంచిన బిస్కట్టులా ఉబ్బిపోయుంది. దానిమీద వినైల్ వేస్తే ప్రతి గతుకూ మొటిమలా పైకి తేలుతుంది కదా, అందుకని ఉబ్బిన ముక్కలు మార్చి, ప్లైవుడ్ తెచ్చి, ఇంటి గాలి ఒంటికి పట్టాలని రెండ్రోజులు అక్కడే ఉంచి, అప్పుడు బెత్తెడుకో స్క్రూ చొప్పున నాలుగొందలు బిగించా."

"అంత చిన్న వంటింటికి నాలుగొందలా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న ప్లంబర్ కీత్.

"నాలుగు వేలు. నాలుగొందలు ఒక్క మూలకే. స్క్రూలు తిప్పే మిషను మోటారు కరిగి చేతిలో కారిపోతే మిగతావి బొటనవేలితో తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బొటనవేలు అరిగిపోయింది" అన్నాడు కీత్.

"నేల మధ్యలో గోళీ పెట్టా. ఎటు దొర్లాలో తెలీక గురువారం దాకా అక్కడే నిలబడింది."

డాట్ బల్ల తుడవడం ఆపింది. అది చూసి లెన్‌కు ఉత్సాహం వచ్చింది. పని ఖాయమైనట్టే, ఇంకొంచెం వేస్తే గట్టిపడుతుందనుకున్నాడు.

"ఈ మాట బయటికి పొక్కి నేల వాలు చూసే రసమట్టాలు తయారుచేసే కంపెనీవాళ్లు లారీ వేసుకొచ్చారు, వాళ్ల సరుకు నా నేలమీద సరిచూసుకోవడానికి. అందులో ఓ పెద్దాయన మూడుసార్లు కొలిచి ఏమన్నాడనుకున్నావ్? నేల సరిగ్గానే ఉందయ్యా, భూమే కాస్త వాలింది అన్నాడు. ఇక వినైల్ వేశాక ఆ మెరుపు కిటికీలోంచి పైకి కొట్టి, మాంచెస్టర్ వెళ్లే విమానం రన్‌వే అనుకుని చక్రాలు దించేసింది. నేనే చీపురు ఊపి పంపించా."

"లెన్, ఆ వంటిల్లు నాది" అంది ఓ గొంతు.

మూల బల్ల దగ్గర ఊలు టోపీలో ఉన్న పెద్దావిడ మిసెస్ ఎంట్విసిల్. టోపీ మూలంగా లెన్ ఆమెను పోల్చుకోలేదు.

"నేల బాగానే వేశావు బాబూ, కాదనను. విమానం వచ్చినప్పుడు నేను బజారుకెళ్లి ఉంటాను. కానీ నా బట్టలుతికే మెషిన్‌ను బయటికి లాగకుండా దాని ముందుదాకా ప్లైవుడ్ బిగించేశావు. నేల పైకి లేచింది, మెషిన్ మీది గట్టు లేవలేదు. వారానికే అది చెడింది. బాగుచేద్దామంటే, పైన గట్టు, ముందు మెట్టు, ఇవతలికి రాదు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఈ పక్క లాండ్రీ మెషిన్లలో ఉతుక్కోవడానికి మూట మోసుకొస్తున్నా. బట్టలు ఆరేదాకా ఇక్కడ కూర్చుంటా. లేకపోతే నీ మాటలు వినే భాగ్యం నాకెక్కడిది?"

కీత్ టీ కప్పులో ముఖం దాచుకున్నాడు. డాట్ వంగి కౌంటరు కిందున్న తన ఫ్రిజ్‌ను ఓసారి చూసుకుంది.

"ముందు ఆవిడ మెషిన్ ఇవతలికి తియ్యి లెన్. నా నేల సంగతి తర్వాత మాట్లాడదాం."

లెన్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి లాండ్రీకి వెళ్లి, ఆవిడ మూట భుజాన వేసుకుని ఆవిడ వెంటే కొండెక్కాడు.

దారి పొడుగునా అతని నోట ఒక్క మాట రాలేదు. మిసెస్ ఎంట్విసిల్ ఆ సంగతి ఊరంతా చెప్పింది. ఎవరూ నమ్మలేదు.