మాబు సాబ్ జీపు ముందర తిరుపాలమ్మ

ఏమప్పా యూసుఫ్, దిగుడు కనపడంగానే కాలు బ్రేకు మీదికి పోతాందే? తీయ్. ఫస్టు గేరులో పెట్టి వదిలెయ్, ఇంజనే పట్టుకుంటాది బండిని. ఈ కొండదోవ నాకు కొత్త కాదులే. పైన పల్లెబడిలో అయివారుగా ఉన్నన్నాళ్లూ మాబు సాబ్ జీపులోనే గదా ఎక్కేది, దిగేది. ఆయప్ప పోయి శానా ఏండ్లాయ. ఏం మనిషప్పా! స్టీరింగు కడుపుకు ఆనుకునేది, చెయ్యి మాత్రం పూలు కట్టినట్ల తిప్పేటోడు.

ఒకసారి ఆ పల్లెలో మల్లీశ్వరి అనే పిల్లకు కాన్పు అడ్డం తిరిగింది. బిరీన గుత్తి ఆసుపత్రికి దింపాల. ఎనక సీట్లో ఆ పిల్ల, వాళ్లత్త తిరుపాలమ్మ ఒళ్లో టెంకాయ పెట్టుకోని, ముందర నేను. అదో, ఆ మలుపు చూడు, ఒకపక్క బండ, ఒకపక్క లోయ. ఆడ గంగమ్మ రాయి ఉండాది. ఏ బండైనా ఆడ నిలిపి టెంకాయ కొట్టాల్సిందే, అది ఆ పల్లె కట్టు. 'నిలబెట్టు సాబూ' అనింది ఆయమ్మ. 'అమ్మా, ఆడంతా గులకరాళ్లు. బ్రేకు తొక్కితే చక్రాలు నిలబడతాయి గానీ బండి నిలబడదు, జారిపోతాది.' 'అమ్మకు కోపమొస్తే నా కోడలు దక్కతాదా?' అని ఒకటే ఏడుపు.

మాబు సాబ్ వాదించలా. మలుపుకు ముందరే, కొంచెం చదునున్న తావున ఆపి, 'దిగమ్మా. నువ్వు ముందర నడువు. టెంకాయ కొట్టేది నువ్వు. నేను నిలబడను, నిన్ను దాటను. అట్లే కాలికి తగిలే రాళ్లు లోయలోకి తోసుకుంటా పో' అన్నాడు. ఆయమ్మ చీర ఎగజెక్కి, రాళ్లు తన్నుకుంటా బయల్దేరింది. ఎనకాల జీపు, మేపిన ఎద్దు మాదిరి మెల్లగా. పెయింటు పోతే పోనీ అని బండను ఒరుసుకుంటానే దింపినాడు. మల్లీశ్వరి 'సచ్చిపోతాండా' అని అరిచినా సాబు కాలు బ్రేకు మీదికి పోలా. తిరుపాలమ్మ ఎనక్కి తిరిగి, 'ఏం సాబూ, ముసల్దాన్ని గూడా దాటలేవా?' అంటాది. టెంకాయ ఫట్‌మని పగిలింది. ఆయమ్మ మళ్లా ముందర నడిచింది, జీపు ఆ చిప్పల పక్కనే నిలబడకుండా, ఉరుకు లేకుండా దిగిపోయింది. కింద చదునులో ఆయమ్మను ఎక్కించుకున్నాడు. తారురోడ్డు ఎక్కినాక ఆయప్ప చొక్కా చూసినా గదా, పిండితే చెంబెడు నీళ్లు.

తల్లీ బిడ్డా దక్కినారు. ఇంగ తిరుపాలమ్మ పల్లెంతా చెప్పుకోని తిరిగింది, 'జీపు దింపింది నేను, సాబు ఊరికే కూర్చోని వచ్చినాడు' అని. ఎవురన్నా పోయి అడిగితే మాబు సాబ్ ఏమనేటోడు? 'అవునప్పా, ఆయమ్మే డ్రైవరు. ఎంత బాగ నడిపిందో, నాకు ఒక్క గుంత తెలీలా.'

ఏంది, నాపక్క చూసి నవ్వుతాండావ్? దోవ చూడప్పా, దోవ.