గోడ ఉన్న కణం

ఆసుపత్రి లాబు. తలుపు వైపు వీపు పెట్టి, మైక్రోస్కోపు ముందు డాక్టరు. ఎదురుగా, స్లైడులకు రంగులు వేసే ఆయమ్మ.

“మళ్ళీ అదే స్లైడా? నిన్న చూశాను, రిపోర్టు రాశాను, సంతకం పెట్టాను. ఇంకేం చెయ్యమంటావు, ఫ్రేము కట్టించి తగిలించనా?”

“ఒక్కసారి చూడండి సార్.”

“డెబ్బై స్లైడులున్నాయి నా ముందు.”

“డెబ్బై ఒకటోదిగా చూడండి.”

“ఆయమ్మా, రంగు వెయ్యడం నీ పని. చూడ్డం నా పని.”

“నేనూ అదే అంటున్నాను. చూడమనే.”

“చూశానంటుంటే! పెద్ద కేంద్రకం, నల్లగా, వంకరటింకరగా. మనిషేమో బస్సు డ్రైవరు, ఇరవై ఏళ్ళ నుంచి సిగరెట్లు, రెండు నెలల దగ్గు. కఫంలో అలాంటి కణం కనిపిస్తే కాన్సర్ అనక ఏమనాలి?”

“దాని చుట్టూ ఏముంది సార్?”

“ఏముంటుంది? పొర.”

“పొర బయట ఇంకోటుంది. మందంగా, బిగుసుకుపోయి, పలక మీద గడి గీసినట్టు. గోడ.”

“గోడేంటి?”

“కణానికి గోడ. మనిషి కణానికి ఉండదు. మొక్క కణానికే ఉంటుంది.”

“ఓహో. ఏ కాలేజీ?”

“మా అమ్మాయి తొమ్మిదో తరగతి పుస్తకం. పక్కపక్కన రెండు బొమ్మలు, మొక్కదొకటి, జంతువుదొకటి. పరీక్షలని నెల రోజులు దానిచేత అప్పచెప్పించుకున్నాను. నాకు వచ్చేసింది, దానికే రాలేదు.”

“నాకిప్పుడు ఆ పాఠం చెప్తావా?”

“చెప్పకపోతే మీరు చూడ్డం లేదు కదా. మొక్కకి ఎముకల్లేవు. నిలబడాలంటే కణం కణానికీ గోడ కావాలి. మనవి అలా కాదు, పలచటి పొర, ఒత్తితే ఒత్తుకుపోతాయి. పదమూడేళ్ళుగా కఫం స్లైడులకి రంగులు వేస్తున్నాను. ఇంత మందం అంచు ఏ మనిషి కణానికీ చూడలేదు.”

“మరి కేంద్రకం? అంత పెద్దది, అంత నల్లగా—”

“మొక్కకీ కేంద్రకం ఉంటుంది సార్. రెండు బొమ్మల్లోనూ ఉంది. మీరు దాన్ని చూసి అక్కడే ఆగిపోయారు. అంచుదాకా పోలేదు.”

“మాట జాగ్రత్త.”

“రేపు పొద్దున ఆయన ఛాతీలోకి సూది దించి ముక్క తీస్తారంట. ఇక నడపలేనని నిన్ననే బస్సు అప్పగించేసి వచ్చాడు. మీకది రెండు లైన్ల రిపోర్టు.”

“సరే, ఇటు తగలెయ్యి. చూస్తే గాని వదలవు. వెలుతురు పెంచు.”

“పెంచాను.”

“ఎక్కడా?”

“ఇంకాస్త ఎడమకి. అదీ. అంచు చూడండి. అంచు.”

“ఆగు, ఆగు.”

“లోపల గింజల్లాంటివి ఉన్నాయా? హరితరేణువులు సార్. మొక్క ఎండలో అన్నం వండుకునేది వాటిలోనే. డ్రైవరు రోజంతా ఎండలోనే ఉంటాడు గాని, వండుకోలేడు కదా.”

“కాసేపు నోరు ముయ్యి... గోడే. ఛ. గోడే ఇది. కఫంలోకి మొక్క ఎలా వస్తుంది?”

“తిన్నదేదో కలిసి ఉంటుంది.”

“తిన్నదెలా కలుస్తుంది? నోరు పుక్కిలించాకే కదా కఫం పట్టే డబ్బా ఇవ్వాలి? ఇదిగో, కాగితం మీద ‘పుక్కిలించారు’ అని టిక్కు కూడా ఉంది.”

“కుళాయి పాడైంది సార్. పది రోజులైంది. నాలుగు సార్లు రాసిచ్చాను, ఒక్కడూ—”

“కుళాయి సంగతి తర్వాత. టిక్కు ఎవరు పెట్టారు?”

“అవతల ముప్పై మంది వరస, ఇవతల నేనొక్కదాన్ని—”

“ఎవరు పెట్టారు?”

“నేనే. ఆయన కీరదోస ముక్కలు నములుతున్నాడు. చూస్తూనే చేతిలో డబ్బా పెట్టాను. నీళ్ళు లేవు, వెనకాల జనం అరుస్తున్నారు. రోజూ పెట్టే టిక్కే కదా అని పెట్టేశాను.”

“నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?”

“తెలిసే వచ్చాను.”

“నువ్వొక్కదానివే పోతే బాగానే ఉండేది... తలుపు వెయ్యి. విను. రేపటి సూది ఆపిస్తాను. నమూనా సరిగా రాలేదని రాసి, మళ్ళీ కఫం తీయిద్దాం. దగ్గు ఎందుకో అప్పుడు చూద్దాం. గోడ మాట, టిక్కు మాట ఈ గది దాటకూడదు. నీ ఉద్యోగం నీకుంటుంది, నా పేరు నాకుంటుంది. ఏమంటావు? తలుపు వెయ్యమన్నానా?”

“వెయ్యడానికి లేదు సార్, మీ వెనకాల గడపలో ఆ డ్రైవరే నిలబడ్డాడు. మీకన్నా ముందు ఆయనకే చెప్పాను, టిక్కుతో సహా. కాస్త జరగండి, తనూ చూస్తాడంట.”