చల్లకాళ్ళవాడి నిప్పు అప్పగింత

మా మదీరా సంఘం అధ్యక్షులు, నా అక్క సెలెస్టీనా మొగుడు, అంటే నాకు స్వయానా బావ అయిన జువెనాల్ స్పీనోలా గారికీ, ప్రార్థన ముగించి అరగంటైనా ఇంకా పళ్ళెం రాక ఓపిగ్గా కూర్చున్న ఫాదర్ అదెలీనో గారికీ, పెద్దలకీ, అక్కచెల్లెళ్ళకీ, వెనక బల్లల దగ్గర అప్పుడే సీసాల మూతలు తీసేస్తున్న కుర్రకారుకీ అర్లిందో ఫిగైరా దండం పెడుతున్నాడు.

నాకు ప్రసంగాలు రావు. మదీరా దీవిలో కొండమీద మూడో తరగతి దాకా చదివాను. పదిహేడో ఏట ఓడెక్కి, ఓడ దిగి రైలెక్కి ఈ జోహన్నెస్‌బర్గ్ చేరాక కూరగాయల కొట్టులో టమాటా పెట్టెల మీద రాతలు చదవడం నేర్చుకున్నాను. నా చదువంతా అదే. అందుకని నోటికొచ్చింది చెప్తాను, నచ్చినవాళ్ళు వినండి. నన్ను పొగడటం అధ్యక్షులవారు ఇందాకే కానిచ్చారు. అందులో సగం అబద్ధం. మిగతా సగం చాలా తక్కువ చెప్పారు. (నవ్వులు)

"నలభయ్యేళ్ళు ఈ క్లబ్బులో మాంసం కాల్చే నిప్పును త్యాగబుద్ధితో కాచాడు" అన్నారు బావగారు. త్యాగమూ లేదు, బుద్ధీ లేదు. నన్ను బయటికి గెంటారు. గెంటినాయనే ఈ రోజు జట్టు రంగుల మఫ్లర్ తెచ్చి నా మెడలో వేశాడు. వేయించుకున్నాను, బాగానే ఉంది, వెచ్చగా ఉంది.

సంగతి ఎనభై నాలుగు జూన్‌లో మొదలైంది. తెలిసినవాళ్ళు నోరు మూసుకుని ఇంకోసారి వినండి. అక్క వాళ్ళింట్లో ఇరవై మందిమి చేరాం. బల్ల మీద ఉప్పుచేప, ఉడికించిన బంగాళాదుంపలు, వాటి మధ్యలో రేడియో. యూరప్ కప్పు సెమీఫైనల్, మనం పుట్టిన దేశానికీ ఫ్రాన్సుకూ. నేను కొట్టు కట్టేసి, మిగిలిన కాలీఫ్లవర్ల మీద తడిగోనె కప్పి, పరుగున వచ్చి తలుపు తోసేసరికి అదనపు సమయం నడుస్తోంది, రెండు ఒకటితో మనదే పైచేయి. నా భార్య ఇదలీనా పళ్ళెం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో ఫ్రాన్సువాడు గోల్ కొట్టాడు. పళ్ళెం ఖాళీ అయ్యేలోపు ఇంకోటి కొట్టాడు. అంతే, ఆట అయిపోయింది. ఆ ఇరవై మందీ రేడియో వైపు చూడటం మానేసి నా వైపు తిరిగారు.

బావ లేచి నిలబడి అన్నాడు: "ఒరేయ్ అర్లిందో, నీవి చల్లకాళ్ళురా! నువ్వు గడప దాటేదాకా గెలుస్తూనే ఉన్నాం గదరా!"

మనలో ఒకడికి చల్లకాళ్ళని పేరుపడితే ఇక అంతే. వాడు కూర్చున్న చోట జట్టు గెలవదు. ఇలాంటివి నమ్మకూడదని ఫాదర్ గారు ఆదివారం చెప్తారు గానీ, పెనాల్టీల వేళ ఆయనా ఒకే మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చుంటారని ఇదలీనా చెప్పింది. కాదంటారా ఫాదర్? (నవ్వులు) చూశారా, చెయ్యి ఇప్పుడూ మోకాలి మీదే ఉంది.

ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కీ ఇదే తంతు. నేను ఈ క్లబ్బు హాల్లో అడుగు పెట్టగానే ఎవడో ఒకడు "అర్లిందో మామా, నిప్పు ఎలా ఉందో చూడవూ?" అనేవాడు. అప్పటికి నిప్పే ఉండేది కాదు! నేనే వెళ్ళి రాజేశాను. ఇక్కడి జూన్ చలికాలంలో వీపు బిగుసుకుపోతుంటే ముఖం మంటకి కాలేది. అలా నిలబడే నేర్చుకున్నాను. మాంసానికి కల్లుప్పూ వెల్లుల్లీ సరిగ్గా నిప్పు మీద పెట్టబోయేటప్పుడే పట్టించాలి, గంట ముందు పట్టిస్తే నీరంతా కారిపోతుంది. మాంసం గుచ్చే పుల్ల లారెల్ చెట్టుదే కావాలి. ఇనుప చువ్వ తెచ్చినవాణ్ణి నేను ఇంటికి పంపించాను, వాడి పేరు ఇక్కడ చెప్పను, మూడో బల్ల దగ్గర తల వంచుకున్నాడు. గోడకి ఇవతల నిలబడి కేకల్ని బట్టి ఆట తెలుసుకునేవాణ్ణి. గోల్ పడితే ఒక రకం కేక, బంతి గోల్ కర్రకు తగిలితే ఇంకో రకం, రిఫరీ తల్లిని తలుచుకుంటే మరో రకం. పెద్దలు మన్నించాలి.

రెండువేల నాలుగులో మన లిస్బన్‌లోనే యూరప్ కప్పు ఫైనల్ ఆడి గ్రీసు చేతిలో ఓడాం. నేను నిప్పు దగ్గర గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాను. బావ రొప్పుకుంటూ వచ్చాడు.

"నిజం చెప్పు, తొంగి చూశావా?"

"లేదు బావా, అమ్మతోడు."

"అయితే మనసులో చూసుంటావు!"

నేను మళ్ళీ నిప్పు వైపు తిరిగి పుల్లలు తిప్పాను.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. పదిహేడేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఈ పూట చెప్పకపోతే ఇక చెప్పను. (నీళ్ళు తాగారు)

రెండువేల ఆరు, ప్రపంచ కప్పు, ఇంగ్లండుతో ఆట. గోల్ లేకుండానే పెనాల్టీల దాకా వెళ్ళింది. పెరటిలోంచి వంటింటికి ఒక కిటికీ ఉంది గదా, అందులోంచి చూస్తే హాల్లో టీవీ తిన్నగా కనపడుతుంది. మ్యాచ్ రోజున దానికి లోపల గడియ పెట్టేవారు. ఎవరి కోసం పెట్టేవారో నాకు తెలీదనుకున్నారు. ఆ రోజు పుల్లలు అందిద్దామని వెళితే రెక్క తోయగానే తెరుచుకుంది. ఎవరో మర్చిపోయారనుకున్నాను. నేను చూశాను. కళ్ళు మూసుకోలేదు, పక్కకి తిప్పుకోలేదు. మన గోల్‌కీపరు మూడు పెనాల్టీలు ఆపాడు, మూడూ చూశాను. మనం గెలిచాం. చల్లకాళ్ళవాడు చూస్తుండగానే గెలిచాం!

(హాల్లో గోల)

ఉండండి, ఉండండి. ఈలోగా నిప్పు మీద నాలుగు పుల్లలు బొగ్గయ్యాయి. గెలిచిన సంబరంలో బావ ఆ బొగ్గు తిని "ఒరేయ్, ఇంత రుచిగా ఎప్పుడూ కాల్చలేదురా" అన్నాడు. (నవ్వులు) నాలుగు రోజులకి సెమీఫైనల్, మళ్ళీ ఫ్రాన్సే. కిటికీ దరిదాపులకు పోలేదు. ఓడిపోయాం. అప్పటికి తెలిసింది, నేను చూసినా చూడకపోయినా ఆ పదకొండు మందికీ పట్టదని.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటారు. గర్వమో, భయమో, రెండూనో. లోపల కూర్చుంటే ఎనభై మందిలో ఒకణ్ణి. బయట నిలబడితే ఆ ఎనభై మందీ ఆకలితో నాకోసం చూసేవారు. అదొకటి. రెండోది, సరే లోపలికి రమ్మంటారు, వస్తాను, ఆ రోజే ఓడితే? అప్పుడు నిజంగానే నావల్లేమో అని నాకే అనిపిస్తే? ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డవాణ్ణి, ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. బావ అన్న మాటని బావకంటే నేనే ఎక్కువ నమ్మాను.

ఏమిటి ఇదలీనా? లేచి చెప్పు, వెనక్కి వినపడదు.

"గడియ ఎవరూ మర్చిపోలేదు. నేనే తీశాను."

నువ్వా?

"చలిలో నిలబడి కేకలు లెక్కపెట్టుకుంటున్నారని నేనే తీశాను. మీరు చూడటం కూడా చూశాను."

మరి ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేం?

"మీరు విప్పారా?"

(చాలాసేపు నవ్వులు, చప్పట్లు)

సరే. సరే. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. లేదా మాట్లాడుకోం.

డాక్టరు నా ఊపిరితిత్తుల ఫోటో తీసి, దీపం ముందు పెట్టి చూసి, "ఇంకొక్క రోజు కూడా పొగ దగ్గర నిలబడకు" అన్నాడు. ఇంట్లో అందరూ ఏడుపు ముఖాలు పెట్టారు. నాకు మాత్రం, దాచుకోవడం దేనికి, భుజాల మీది మూట ఎవరో దించినట్టయింది. ఇక బయట నిలబడటానికి నాకు సాకు లేదు.

నిప్పు మా అక్క కోడలు న్తాబిసెంగ్‌కి ఇస్తున్నాను. ఈ దేశపు సోతో తెగ పిల్ల, మన ఇంటికొచ్చి పన్నెండేళ్ళయింది. మొదటి రోజే నా పక్కన నిలబడి, "మామయ్యా, మీరు ఉప్పు తొందరపడి వేస్తున్నారు" అంది. నాకు చెప్పింది, నాకు! మండిపోయింది. కానీ ఆ పూట నేను తొందరపడ్డ మాట నిజం. ఇప్పుడు లేచి వెళ్ళి బయట ఆమె చేసే మాంసం తినండి, తిన్నాక అర్లిందో గుర్తొస్తే గుర్తు తెచ్చుకోండి, లేకపోతే మానండి. ఒక్కటే అడుగుతాను. మ్యాచ్ ఉందని ఆమెని బయటే వదిలేయకండి. వంతులు వేసుకోండి.

ఐదింటికి మన జట్టు ఆడుతోంది. నేను హాల్లో కూర్చుంటాను. ఓడితే ఓడతాం, తిట్టాలనిపిస్తే మైదానంలో వాళ్ళని తిట్టండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, కిక్కాఫ్ అయ్యాక వినను.

బావా, నువ్వెందుకు లేస్తున్నావు? నీ మోకాళ్ళ సంగతి చూసుకో.

"కూర్చోరా, కూర్చో. కాకపోతే నా పక్కన కాదు. నాకింకా భయమేరా. ఇదలీనా పక్కన కూర్చో."

(నవ్వులు)

అంతకంటే నాకేం కావాలి బావా! ఈ నలభయ్యేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా ఆమె పక్కన కూర్చుని చూడలేదు. వడ్డించినవాళ్ళకీ, తిన్నవాళ్ళకీ, చివరికి నన్ను గెంటినవాళ్ళకీ కూడా నా కృతజ్ఞతలు. మైకు ఎవరైనా తీసుకోండి. ఇదలీనా, కొంచెం జరుగు, వస్తున్నాను. సెలవు.