ద్రోణికి తెడ్డు

"నేను చేసింది పెద్ద పనేం కాదు," అన్నాడు మావయ్య, టీ ఊదుకుంటూ. "తాడు పట్టుకున్నాను. అంతే."

దర్జీ అమ్మాయి తల పట్టుకుంది. కథ మళ్ళీ మొదటికొచ్చింది. మావయ్య కోతలకి ఒక రివాజు ఉంది: మధ్యలో ఎవరైనా వేరే మాటెత్తితే, ఆయన మొదట్నుంచీ ఎత్తుకుంటాడు. ఇందాక ఆగలేక, "మావయ్యా, బండి తియ్యవా, అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది" అనేసింది. అదీ ఆమె చేసిన తప్పు.

వాళ్ళ ఇల్లు కింద వాగులో. ఎండిన వాగుని ప్లాట్లుగా కోసి అమ్మినవాళ్ళు మిట్టమీద మేడల్లో ఉన్నారు. కొన్నవాళ్ళు వాగులో ఉన్నారు. ఆమె బయల్దేరేసరికే నీళ్ళు గుమ్మం తాకాయి. మంచం దిగలేని అమ్మని తేవాలంటే వీధి మొత్తానికి మావయ్య ట్రాలీ ఆటో ఒక్కటే గతి. దాన్ని ఆయన ఇంకెవరి చేతికీ ఇవ్వడు. తాళం ఆయన చొక్కా జేబులో ఉంది, ఆయన టీకొట్టు బల్లమీద ఉన్నాడు. కొట్టు గోడమీద 'ప్రతి నీటిబొట్టూ దాచుకుందాం' అని ఎవరో పెద్దలు రంగుతో రాయించిన అక్షరాల మీంచి వాన ధార కట్టి కారుతోంది.

"మొన్న మా పాత ఆఫీసుకెళ్ళానా, అదే, వాతావరణం ఆఫీసు, అక్కడ బెలూన్ వదులుతున్నారు, కాస్త తాడు పట్టుకోండి సార్ అన్నారు, పట్టుకున్నా, గాలి ఒక్క గుంజు గుంజింది, చూద్దును కదా కాళ్ళకింద నేల లేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వదిలేసి ఉంటావు," అన్నాడు పక్కన కూర్చున్న సెలూన్ బావ.

"ఊరుకో బావా!" దర్జీ అమ్మాయి గొంతు కీచుమంది. "చెప్పనీ."

"వదుల్తానా! పైకెళ్ళి కొండ అవతలికి చూశా. మన ఊరు ఎందుకెండిందో అప్పుడు తెలిసింది. సముద్రం గాలి నిండుకడవతో బయల్దేరుతుంది, కొండెక్కేటప్పుడు నీళ్ళన్నీ అటే ఒలకబోసుకుని, మనవైపు ఖాళీకడవతో దిగుతుంది. ఏళ్ళ తరబడి ఇదే మోసం! ఒళ్ళు మండింది నాకు. అంతలో సముద్రం మీద అల్పపీడనం ఒకటి కనబడింది, నాలుగు దిక్కుల గాలీ దాంట్లోకి దూరడం, పైకి లేవడం, చల్లబడి మబ్బై కూర్చోవడం. వెళ్ళి పట్టుకున్నా."

"ఏం పట్టుకున్నావు, చెవా?" అన్నాడు టీకొట్టాయన.

"పీడించేవాళ్ళకి చెవులెక్కడుంటాయిరా! మెడకి తాడేశా."

వీధి చివర ఎవరో కేక పెట్టారు. మురిక్కాలువ పొంగి ఆటో ముందుచక్రం సగానికి మునిగింది. దర్జీ అమ్మాయి గోళ్ళు బల్ల చెక్కని గీరుతున్నాయి.

"త్వరగా దింపు మావయ్యా దాన్ని," అంది.

"త్వరగా అంటే ఎలాగే పిల్లా, అంత బరువుని? అప్పుడు దొరికింది ద్రోణి. వార్తల్లో ద్రోణి ద్రోణి అంటారే, మీరంతా ఏమనుకున్నారు? దోనె! ఆ సముద్రం నుంచి ఈ సముద్రం దాకా పొడుగ్గా పడుకున్న దోనె. ఎక్కా, అల్పపీడనాన్ని వెనక కట్టా, తెడ్డేశా. కుడిచేత్తో ఆ సముద్రం తేమ, ఎడంచేత్తో ఈ సముద్రం తేమ తోడి పోశా. పిడుగులు ఎదురొస్తే పక్కకి జరగమన్నా, జరిగాయి! కొండ దాటించి మన ఊరి నెత్తిమీద నిలబెట్టా. పైగాలి మళ్ళీ దీన్ని తోసుకుపోతుందేమోనని ఆ పైగాలిని కూడా పట్టి కొండకి కట్టేశా! గాలి కదలదు, మబ్బు కదలదు, ఇదిగో, కురుస్తూనే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అంటూ దర్జీ అమ్మాయి లేచి నిలబడింది. "మా ఇల్లు మునిగింది."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "నేను చేసింది పెద్ద పనేం..."

"రెండు సముద్రాలు తోడావు కదా. బండి వాగులోకి దింపు."

"ఇంజన్లోకి నీళ్ళు పోతాయే."

"పిడుగులే పక్కకి జరిగాయి. నీళ్ళు జరగవా?"

సెలూన్ బావ నవ్వబోయి ఆగిపోయాడు. మావయ్య ఒక చేత్తో టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. రెండో చెయ్యి తాళం ఉన్న జేబుని అదిమి పట్టుకుని ఉంది. ఇంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉందని ఆమెకి ఇప్పుడు కనబడింది.

"నాకు ఈత రాదమ్మా," అన్నాడు మావయ్య.

అంత చిన్న మాట ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నాకు బండి రాదు, నీకు ఈత రాదు," అందామె, ఆయన మోచెయ్యి పట్టి లేపుతూ. "మా అమ్మకి రెండూ రావు. పద."