దిష్టిబొమ్మ కదలకూడదు

అమెరికాలో, వెర్మాంట్ కొండల నడుమ ఎల్డర్‌బ్రూక్ అనే ఊరు. అక్టోబరు శనివారం, ఎర్రగా రంగు మారిన ఆకులు చూడ్డానికి జనం విరగబడే రోజు. ఊరు ఊరంతా పెళ్లివారిల్లులా ముస్తాబైంది. ఇనపసామాన్ల కొట్టు ముందు, గడ్డికట్ట మీద, చిరుగుల కోటు తొడుక్కుని బిగుసుకుపోయి కూర్చున్నవాడు కొట్టు యజమాని ఆల్డెన్. ఊళ్లో జీతం లేని అగ్నిమాపక దళానికి కెప్టెనూ అతనే. అతని ముందు నిలబడి రొప్పుతున్నది ఎదురు బేకరీ డార్లీన్. ఇద్దరూ చిన్నప్పుడు బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు.

"లే ఆల్డెన్. లే అంటే లే!"

"ష్. నాతో మాట్లాడకు. నేను దిష్టిబొమ్మని."

"నువ్వు దిష్టిబొమ్మవని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ముందు లే. నా బేకరీ అంటుకుంది."

"ఏంటీ? ఎక్కడ?"

"వెనకాల, వంటింటి గోడ. ఇటు తిరిగి చూడు, నీకే తెలుస్తుంది."

"తిరగకూడదు. తిరిగితే ఓడిపోతాం. న్యాయనిర్ణేతల బస్సు వంతెన దాటిందట. అది మన ముందు నుంచి వెళ్లేదాకా ఎవరి దిష్టిబొమ్మ కదలకుండా ఉంటే వాళ్ల సంఘానికి బహుమతి."

"ఏంటా బహుమతి?"

"నీళ్ల పంపు. కొత్తది. మంటలార్పేది."

"మంటలార్పే పంపు కోసం మంట ఆర్పకుండా కూర్చున్నావా?"

"నువ్వలా అంటే వినడానికి బాగోదు గానీ... మా పాత పంపు ప్రాణం పోయింది డార్లీన్. ఇంటింటికీ తిరిగి అడిగితే అందరూ టీ ఇచ్చారు, ఇంకేం ఇవ్వలేదు. అప్పుడు కదా వర్తక సంఘంవాళ్లు ఈ శరత్కాలపు ప్రచారాలూ, దిష్టిబొమ్మల పోటీలూ అంటే సరేనన్నాం."

"మిగతావాళ్లేరీ? పోస్టాఫీసు లూథర్ ఏడీ?"

"పోస్టాఫీసు మెట్ల మీదే. నెత్తిన గుమ్మడికాయ తొడుక్కుని. బ్రహ్మాండంగా చేస్తున్నాడు వాడు. పొద్దున కాకి వచ్చి వాలింది."

"సైరన్ మోగించానయ్యా! చెయ్యి పడిపోయేలా మోగించాను. దళంలో ఒక్కడు రాలేదు!"

"అది నువ్వా? ఆపిల్ రసం పంచుతున్నారనుకున్నాం. వర్తక సంఘం ప్రిసిల్లా గారు పొద్దుట్నుంచీ దానికే కదా మోగిస్తున్నారు."

"జనమూ అలాగే అనుకున్నారు. గ్లాసులు పట్టుకుని నా ముందు వరస కట్టారు."

"పక్క ఊరికి ఫోన్ చెయ్యలేకపోయావా?"

"చేశాను. వాళ్ల ఫైరింజను కొండ మలుపులో ఇరుక్కుంది. ముందున్న కార్లవాళ్లు దిగి ఆకుల ఫోటోలు తీసుకుంటున్నారట. హారన్ కొడితే, వెలుతురు బాగుంది ఆగండి అన్నారట."

"అయ్యో."

"అయ్యో అనడానికి నోరు కదిలింది కదా, కాళ్లు కూడా కదుపు!"

"అసలెలా అంటుకుంది?"

"ఎలాగేంటి, మీ చొప్ప! ప్రతి కొట్టుకీ మొక్కజొన్న చొప్ప కట్టాలని హుకుం జారీ చేశారుగా. గుమ్మానికి కట్టింది చాలక వెనకాల పొయ్యి గొట్టం పక్కన మోపులు మోపులు నిలబెట్టారు. వద్దు మొర్రో అన్నాను. చొప్ప లేని కొట్టు, వచ్చినవాళ్లకి పంచే ఊరి పటంలో ఉండదంది ఆ ప్రిసిల్లా."

"పటంలో లేకపోతే కష్టమే."

"అందుకే కదా నోరు మూసుకున్నాను. పటంలో లేకపోతే ఈ ఆకుల జనం నా గుమ్మం తొక్కరు. వాళ్లు తొక్కకపోతే మంచు పడేలోగా కొట్టు మూసుకోవాలి. ఇప్పుడు పటంలో ఉన్నాను. కొట్టే ఉండేలా లేదు."

"అదిగో, ఆవిడే వస్తున్నారు. వర్తక సంఘం ప్రచారమంతా ఆవిడ చేతుల్లోనే ఉంది. ఆవిడ లెమ్మంటే లేస్తాను. నా మీద మాట రాదు."

"డార్లీన్! అద్భుతం! ఆ పొగ ఎలా పెట్టావమ్మా? జనాన్ని భయపెట్టడానికి దెయ్యాల సందులో నేను పెట్టించిన పొగ యంత్రానికి అంత పొగ రావడం లేదు."

"ప్రిసిల్లా గారూ, అది నిజం పొగ."

"నేననేదీ అదే. ఈ కాలపు జనానికి నిజమే కావాలి."

"నిజంగా తగలబడుతోందండీ!"

"ఆ ఏడుపు అలాగే ఉంచు. అక్కడ ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది."

"నా కొంప కాలుతుంటే చప్పట్లు కొడుతున్నారా మీరంతా? మా అమ్మ పెట్టిన పొయ్యి అది! ఒక్కసారి వాసన చూడండి!"

"దాల్చినచెక్క. ఎంత బాగుందో! ప్రతి కొట్లోనూ దాల్చినచెక్క వాసన రావాలని చెప్పింది నేనే. ఆల్డెన్ చేత మేకుల డబ్బాల్లో కూడా చల్లించాను."

"దాని వెనక ఇంకో వాసన."

"ఆఁ... రబ్బరు. రబ్బరు నేను చెప్పలేదే."

"నా మొహం చూడండి. కనుబొమ్మలు ఉన్నాయా?"

"ఓ దేవుడా. లేవు."

"అవి కూడా మీ పోటీ కోసం తీయించుకున్నాననుకుంటున్నారా?"

"ఆల్డెన్! కూర్చున్నావేంటయ్యా, బేకరీ కాలిపోతోంటే!"

"కదిలితే పేరు కొట్టేస్తానని మీరే కదండీ అన్నారు. లేద్దును గానీ, అదిగో బస్సు. మలుపు తిరుగుతోంది. ఒక్క నిమిషం ఓర్చుకో డార్లీన్. ఈ పంపు రాకపోతే రేపు ఎవరిల్లు కాలినా ఇదే గతి."

"రేపటి సంగతి రేపు. నిన్ను బతిమాలుకుంటున్నాను ఆల్డెన్. నాకా పొయ్యి తప్ప ఇంకేం లేదు."

"బస్సు దగ్గరికొచ్చేసింది డార్లీన్."

"ఆల్డెన్."

"ఈ టోపీ పట్టుకో."

"లేచావా!"

"లేచాను. పంపు పోతే పోయింది. ఒరేయ్ లూథర్! గుమ్మడికాయ తీసెయ్ రా, నిజం మంట! పరిగెత్తు!"

"అయ్యయ్యో, బస్సులోవాళ్లు చూసేశారు ఆల్డెన్!"

"చూడనివ్వండి. నా కొట్లో బకెట్లున్నాయి, అన్నీ బయట పడెయ్యండి. ఏటి దగ్గర్నుంచి వరస కట్టాలి. మా దళం నలుగురూ ఏ మూలకి? ఇంతమంది జనం ఉన్నారు, సాయానికి రమ్మని కేకెయ్యండి."

"సాయమంటే ఒక్కరూ రారు. సెలవుకొచ్చినవాళ్లు పని మాట వింటే కారెక్కుతారు. ఆ గడ్డికట్ట పక్కనున్న ప్రచారం మైకు ఇటివ్వు డార్లీన్. అతిథులారా! ఎల్డర్‌బ్రూక్ వారి పాతకాలపు బకెట్ల వరస! మన ముత్తాతలు మంటలార్పిన తీరు మీ చేతులారా అనుభవించండి! పిల్లలకి చిన్న బకెట్లు! త్వరపడండి, చోటు కొద్దిమందికే!"

"ఓరి నాయనో! తోసుకుంటున్నారే!"

"తోసుకోకండి! వరస, వరస! అమ్మా, ఫోటో తర్వాత దిగుదురు గానీ, ముందు బకెట్ అందుకోండి!"

సాయంత్రానికి మంట ఆరింది. ఆల్డెన్, డార్లీన్, ప్రిసిల్లా ముగ్గురూ బేకరీ ముందు తడి బట్టలతో నిలబడ్డారు.

"వంటిల్లు సగం పోయింది డార్లీన్. పొయ్యి మాత్రం నిలబడింది. గోడ మేం కట్టిపెడతాం."

"పంపు ఎవరికెళ్లింది?"

"అల్లికల సంఘానికి. వాళ్ల దిష్టిబొమ్మ కదల్లేదు. లోపల గడ్డే ఉంది మరి."

"వాళ్లకి పంపెందుకు?"

"అందులో పూలమొక్కలు పెట్టుకుంటారట."

"నా వల్లే పోయింది నీకు. నువ్వు లేచినందుకు ఎన్ని జన్మలెత్తినా..."

"ఊరుకో. లేవడానికి అంతసేపు ఆలోచించినందుకు నాకే సిగ్గుగా ఉంది."

"మీ ఏడుపులు తర్వాత. డార్లీన్, నీ అల్మారా చూసుకున్నావా? ఖాళీ."

"కాలిపోయాయా?"

"అమ్ముడైపోయాయి. అంచులు మాడిన డోనట్లకి, పొగ పట్టించిన డోనట్లు అని బోర్డు రాసి పెట్టాను."

"నన్నడక్కుండానా?"

"అప్పుడు నువ్వు మసి కడుక్కుంటున్నావు. ఒకాయన మాడిన పళ్లెం కూడా పట్టుకెళ్లాడు, గోడకి తగిలించుకుంటాడట."

"అన్నీనా? మెత్తబడినవి కూడానా?"

"ఒక్కటి మిగల్లేదు. ఇంకా నలుగురు వచ్చి, మళ్లీ ఎప్పుడు చేస్తారని అడిగి వెళ్లారు."

"మా అమ్మ కాలం నుంచీ ఒక్కరోజు కూడా ఆ అల్మారా ఖాళీ అవ్వలేదు ప్రిసిల్లా గారూ. ఒక్కరోజు కూడా."

"సరే, నువ్వు ఇంటికెళ్లి పడుకో డార్లీన్. రేపు పొద్దున్నే లూథర్‌నీ, ఇటుకల్నీ తీసుకొస్తాను. వారం తిరిగేలోపు గోడ లేపేస్తాం."

"ఏం తొందర ఆల్డెన్? కాలడానికి సగం గోడ ఇంకా మిగిలే ఉందిగా. ప్రిసిల్లా గారూ, వచ్చే శనివారం ఈ ఆకుల జనం ఎన్నింటికి దిగుతారు?"